తిరుమలలో తలలో పూలు ఎందుకు పెట్టుకోరు?

కొండమీద పూసిన ప్రతి పువ్వూ స్వామిదే అన్న నమ్మకం వల్ల. రామానుజుల శిష్యుడు అనంతాళ్వారు గురువు మాట మీద ఆ కొండెక్కి, పూలతోట వేసి, నీళ్ల కోసం చెరువు తవ్వి, స్వామికి దండలు కట్టి ఇచ్చేవారు. ఆయనదని చెప్పే గునపం ఇప్పటికీ మహాద్వారం దగ్గర వేలాడుతుంది. ఈసారి దర్శనానికి వెళ్తే తలెత్తి కుడివైపు చూడండి.

ఇప్పుడు దండలు గుడిలోని పూల అర నుంచి, స్వామిని పూలదండలతో అలంకరించే తోమాల సేవకు వెళ్తాయి. కిరీటం మీదుగా రెండు భుజాల వరకు వేసే శిఖామణి ఒక్కటే 8 మూరలు! మెడకు కంఠసరి, పాదాలకు తిరువడి దండలు, ప్రతిదానికీ ఒక పేరు, ఒక కొలత. ఇంట్లో మూర మల్లెలు కట్టినప్పుడల్లా నాకు ఆ కట్టే చేతులే గుర్తొస్తాయి. దర్శనంలో మనకు కనిపించేది స్వామి, ఆ దండలు. కట్టినవాళ్లు కనిపించరు.