సినీబెంచ్ పాసైనా బ్రౌజర్ తెరిస్తే రీస్టార్ట్ అవుతోందా? ఎస్‌ఎంపీఎస్ కొనే ముందు కోర్లను ఒక్కొక్కటిగా చూడండి

మీరు చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇదండీ. రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, బీ550 బోర్డు, 3600 ర్యామ్. ఎవరిదో వీడియో చూసి కర్వ్ ఆప్టిమైజర్‌లో (కోర్లకి అందే వోల్టేజీని తగ్గించే సెట్టింగ్) ఆల్ కోర్ మైనస్ 30, బూస్ట్ ఓవర్‌రైడ్ (గరిష్ఠ వేగాన్ని పెంచేది) ప్లస్ 200 మెగాహెర్ట్జ్ పెట్టారు. ప్రాసెసర్‌కి గట్టి పని పెట్టి చూసే సినీబెంచ్ పరీక్షను అరగంట నడిపినా చెక్కుచెదరలేదు. కానీ బ్రౌజర్‌లో ఏదో చదువుకుంటుంటే, లేదా సిస్టంను అలా వదిలేసి టీ తాగి వచ్చేసరికి, రీస్టార్ట్ అయి ఉంటోంది. షాపతను ఎస్‌ఎంపీఎస్ (సిస్టంకి కరెంటు అందించే పవర్ సప్లై) పోయింది, మార్చేయమన్నాడు. మార్చాలా వద్దా అన్నది మీ ప్రశ్న. మీ తమ్ముడి ఇంటెల్ సిస్టంకీ ఇదే వర్తిస్తుందా అనీ అడిగారు.

ఇప్పుడప్పుడే డబ్బు పెట్టకండి. ఎస్‌ఎంపీఎస్ నిజంగా చేతులెత్తేస్తే చాలావరకు ఆటలో గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ గట్టిగా కరెంటు లాగుతున్నప్పుడు ఎత్తేయాలి. మీది పనేమీ లేనప్పుడు పడిపోతోంది. విజయవాడలో పెళ్లి వీడియోల ఎడిటింగ్ నా పని. ఇదే ప్రాసెసర్ మీద కొన్నేళ్లుగా బతుకుతున్నాను, మీరు చెప్పిన లక్షణాలే నా సిస్టంలోనూ చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా, గట్టి పని ఇస్తే నిలబడేది ఖాళీగా ఉంటే ఎందుకు పడిపోతుందో చూద్దాం. సినీబెంచ్‌లో ఆరు కోర్లూ ఒకేసారి పనిచేస్తాయి. అప్పుడు మొత్తం పవర్‌కి ఒక హద్దు ఉంటుంది. 5600ఎక్స్‌కి కంపెనీ పెట్టిన ఆ హద్దు, అంటే పీపీటీ, 76 వాట్లు. పీబీఓలో (ఈ హద్దులను మార్చుకునే ఏఎండీ సెట్టింగ్) దాన్ని పెంచినా సరే, అన్ని కోర్లూ కలిసి నడిచేటప్పుడు ఏదీ తన గరిష్ఠ వేగానికి పోదు, అంత వోల్టేజీ అవసరమూ పడదు. బ్రౌజర్‌లో ఒక పేజీ తెరిచినప్పుడు జరిగేది వేరు. ఒక్క కోర్ క్షణంలో పైకి లేస్తుంది. మామూలుగా 4.65 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగేది, మీరు ప్లస్ 200 ఇచ్చారు కాబట్టి 4.85 దాకా పోవాలని చూస్తుంది. వోల్టేజీ అన్నిటికంటే ఎక్కువ కావలసింది సరిగ్గా అప్పుడే. కర్వ్ ఆప్టిమైజర్‌లో ఒక్కో అంకెకి సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతాయి. అంటే మైనస్ 30తో 90 నుంచి 150 మిల్లీవోల్టులు కోసేశారు. ఒక చేత్తో వేగం పెంచి, రెండో చేత్తో ఆ వేగానికి కావలసిన వోల్టేజీ లాగేసుకున్నట్టు.

పైగా ఆరు కోర్లూ ఒక్కలా ఉండవు. ఏఎండీ వాళ్ల రైజెన్ మాస్టర్ ప్రోగ్రాం తెరిస్తే కొన్ని కోర్ల పక్కన నక్షత్రం గుర్తు కనిపిస్తుంది. అవి మంచి కోర్లు. విండోస్ ఒంటరి పనులన్నీ ముందు వాటికే ఇస్తుంది. మంచివి కదా అని ఎక్కువ తగ్గించవచ్చనుకుంటారు చాలామంది. జరిగేది తలకిందులు: ఆ కోర్లకి ఫ్యాక్టరీలోనే వోల్టేజీ బిగించి పెట్టి ఉంటుంది, ఇంకా తగ్గించడానికి చోటు తక్కువ. నా ప్రాసెసర్‌లో రెండు నక్షత్రపు కోర్లు మైనస్ 8, మైనస్ 12 దాటితే ఒప్పుకోవు. మిగతా నాలుగింటిలో రెండు మైనస్ 30 దగ్గర కూడా హాయిగా ఉన్నాయి. కాబట్టి ఇంకొకరి అంకెలు మీకు పనికిరావు, నావి కూడా.

ఇప్పుడు ఏ కోర్ జారుతోందో పట్టుకోవాలి. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని కొట్టి, విండోస్ లాగ్స్‌లో సిస్టం తెరవండి. రీస్టార్ట్ అయిన సమయం దగ్గర కెర్నల్-పవర్ 41 తప్పకుండా కనిపిస్తుంది. మీ షాపతను బహుశా దాన్ని చూసే తీర్పు చెప్పి ఉంటాడు. అది చెప్పేది సిస్టం సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే, గోడ దగ్గర ప్లగ్ పీకినా అదే పడుతుంది. మీరు వెతకాల్సింది హార్డ్‌వేర్ తప్పులను నమోదు చేసే డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్, ఈవెంట్ 18. దాన్ని తెరిస్తే క్యాష్ హైరార్కీ ఎర్రర్ అనో, అలాంటి ఇంకొకటో ఉంటుంది, దాని కింద ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ అని ఒక అంకె ఉంటుంది. 5600ఎక్స్‌లో ఆ అంకెను రెండుతో భాగించండి. మిగిలిన శేషాన్ని వదిలేస్తే వచ్చేదే కోర్ నంబరు: ఐడీ 0 లేదా 1 అయితే కోర్ 0, 6 లేదా 7 అయితే కోర్ 3. నా లాగ్‌లో ఎప్పుడు చూసినా 6 లేదా 7 ఉండేది, అది సరిగ్గా నక్షత్రపు కోర్. తారీఖులు వేరైనా అంకె అదే వస్తుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఒక్కోసారి ఈవెంట్ 18 పడకుండానే సిస్టం చచ్చిపోతుంది. అప్పుడు కర్వ్ ఆప్టిమైజర్‌నీ బూస్ట్ ఓవర్‌రైడ్‌నీ సున్నాకి తెచ్చి, కొన్నాళ్లు మామూలుగా వాడండి. రీస్టార్ట్‌లు ఆగిపోతే ఎస్‌ఎంపీఎస్ నిర్దోషి. ఆగకపోతే బయాస్‌లో (ఆన్ చేయగానే తెరుచుకునే బోర్డు సెట్టింగ్‌ల మెనూ) పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అనే సెట్టింగ్‌ని టిపికల్ కరెంట్ ఐడిల్‌కి మార్చి చూడండి. కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లు మరీ తక్కువ లోడ్ దగ్గర తడబడతాయి, ఆ సెట్టింగ్ ఉన్నది వాటి కోసమే. దానికీ లొంగకపోతే అప్పుడు ఇంకో ఎస్‌ఎంపీఎస్ అడిగి తెచ్చి పెట్టి చూడండి.

సున్నా దగ్గర ఉన్నప్పుడే ర్యామ్ పరీక్ష కూడా ముగించేయండి. ఈ తరం రైజెన్‌కి ఏఎండీ అధికారికంగా చెప్పిన ర్యామ్ వేగం డీడీఆర్4-3200. ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగానికి తెచ్చే సెట్టింగ్) ఆన్ చేసి 3600 పెట్టారంటే అది కూడా ఓవర్‌క్లాకింగే, ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ 1800 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తోందన్నమాట. చాలా బోర్డుల మీద బాగానే నడుస్తుంది, కానీ నడవనప్పుడు వచ్చే తప్పులు కోర్ తప్పుల్లాగే ఉంటాయి. రెండూ కలిపి మారిస్తే దొంగ ఎవరో ఎప్పటికీ తేలదు. మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి పూర్తిగా నడపండి. ఒక్క తప్పు కూడా ఉండకూడదు. ఒకటే కదా అని వదిలేయకండి.

తర్వాత అసలు పని. ప్లస్ 200 తీసేసి సున్నా దగ్గరే ఉంచండి. నక్షత్రపు కోర్లకి మైనస్ 5, మిగతావాటికి మైనస్ 15తో మొదలుపెట్టండి. కోర్‌సైక్లర్ అని ఉచితంగా దొరికే స్క్రిప్టు ఉంది, అది ప్రాసెసర్ చేత లెక్కలు చేయించి తప్పులు పట్టే ప్రైమ్95ని ఒక్కో కోర్ మీద విడిగా నడిపిస్తుంది. ప్రైమ్95లో తేలికైన ఎస్‌ఎస్‌ఈ మోడ్, హ్యూజ్ ఎఫ్‌ఎఫ్‌టీ ఎంచుకోండి. బరువైన ఏవీఎక్స్ లోడ్ పెడితే కోర్ వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది, మనం వెతుకుతున్న పైఅంచుకి చేరదు. తేలికైన లోడ్ ఇస్తేనే అది చివరిదాకా పరిగెత్తుతుంది. నేను రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టి పొద్దున లాగ్ చూసుకుంటాను.

లాగ్‌లో ఏదో ఒక కోర్ దగ్గర ఫేటల్ ఎర్రర్, రౌండింగ్ వాజ్ 0.5, ఎక్స్‌పెక్టెడ్ లెస్ దేన్ 0.4 అని కనిపిస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆ సమయంలో సిస్టం పడిపోలేదు, స్క్రీన్ మీద ఏమీ కనబడలేదు, కానీ ప్రాసెసర్ లెక్క తప్పింది. నన్ను రీస్టార్ట్‌ల కంటే ఇదే ఎక్కువ భయపెడుతుంది. రీస్టార్ట్ అయితే కనీసం తెలుస్తుంది. లెక్క తప్పి నడుస్తూనే ఉన్న మెషీన్ మీద ఒకరి పెళ్లి ఫుటేజీని కార్డు నుంచి కాపీ చేసి, ఆ కార్డును ఫార్మాట్ చేశామనుకోండి, పాడైన ఫైలు ఎప్పుడో ఆల్బమ్ అడిగినప్పుడు బయటపడుతుంది. ఆ ముహూర్తం మళ్లీ రాదు. ఆటలకి మాత్రమే వాడేవాళ్లు ఎంత ఒప్పుకుంటారో నాకు సంబంధం లేదు, పనికి వాడే సిస్టంలో అలాంటి ఒక్క తప్పు కూడా ఉండకూడదని నా పట్టుదల.

తప్పు వచ్చిన కోర్‌ని నాలుగైదు అంకెలు సున్నా వైపు జరిపి మళ్లీ నడపండి. నిలబడ్డాక ఇంకో రెండు అంకెలు సున్నా వైపే వెనక్కి తెచ్చి వదిలేయండి, ఆ వెసులుబాటు మున్ముందు అవసరమవుతుంది. నిలబడిన కోర్లని కావాలంటే మెల్లగా దించుకోవచ్చు. అన్నీ కుదిరాకే బూస్ట్ ఓవర్‌రైడ్‌ని 50, 100 అంటూ పెంచండి, పెంచినప్పుడల్లా పరీక్ష మళ్లీ మొదటి నుంచి. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ప్రోగ్రాంలో ఎఫెక్టివ్ క్లాక్ (కోర్ నిజంగా నడిచిన వేగం) అనే వరుస మీద కూడా కన్నేసి ఉంచండి. పైన 4.8 చూపిస్తూ ఎఫెక్టివ్ బాగా కిందుంటే వోల్టేజీ చాలక ప్రాసెసర్ లోపల నెమ్మదిస్తోందని అర్థం. అంకె బాగుంటుంది, స్కోరు తగ్గుతుంది.

ఇక మన వాతావరణం సంగతి. కూలర్ ఎంత ఖరీదైనదైనా గది వేడి కంటే కిందికి దించలేదు. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర చూసుకున్న ప్రాసెసర్ వేడి అంకెలు, రోహిణి కార్తెలో కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఏసీ లేకుండా ఫ్యాను, సిస్టం మాత్రమే నడుస్తున్నప్పుడు 38 డిగ్రీల గదిలో సుమారు 13 డిగ్రీలు పైకి పోతాయి. 5600ఎక్స్ హద్దు 95 డిగ్రీలు. ఎండాకాలం మధ్యాహ్నం గట్టి రెండరింగ్‌లో 80 దాటకుండా ఉండేలా పీపీటీని పెట్టుకోండి. పెట్టెలో వచ్చిన చిన్న కూలరే వాడుతుంటే 76ని కదపకపోవడమే మంచిది. వోల్టేజీ పది శాతం పెరిగితే అదే వేగం దగ్గర కూడా పవర్ దాదాపు 21 శాతం పెరుగుతుంది, ఆ వేడంతా క్యాబినెట్‌లోకే వస్తుంది.

వేసవి దాటితే గండం గడిచిందనుకోకండి. రైజెన్ చల్లగా ఉంటే ఇంకాస్త పైకి, ఇంకాస్త ఎక్కువసేపు బూస్ట్ అవుతుంది. మేలో నిలబడ్డ సెట్టింగ్ సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున ఆన్ చేయగానే పడిపోవడం నేను చూశాను. వెనక్కి తెచ్చుకోమన్న ఆ రెండు అంకెలు ఇందుకే.

అన్ని కోర్లనీ 4.7 దగ్గర ఒకే వోల్టేజీతో బిగించేయొచ్చు కదా అని ఇంకొకాయన మీ ప్రశ్న కింద రాశారు. చేయొచ్చు. కానీ అలా చేస్తే ఒంటరి కోర్ వేగం పోతుంది, వేడినీ కరెంటునీ బట్టి వోల్టేజీని సవరించుకునే ప్రాసెసర్ సొంత కాపలా కూడా పక్కకి తప్పుకుంటుంది. ఈ తరంలో దానివల్ల లాభం నాకు కనబడలేదు.

మీ తమ్ముడి 13వ తరం ఇంటెల్‌కి ఇదంతా వర్తించదు. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అవసరానికి మించిన వోల్టేజీ వల్ల కొన్ని పాడవుతున్నాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాం) సవరణలు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అతన్ని ముందు బయాస్ అప్‌డేట్ చేసి ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ మీద నడపమనండి. ఓవర్‌క్లాకింగ్ ఆలోచన ఆ తర్వాతే.

మీరు బయాస్ అప్‌డేట్ చేస్తే మాత్రం ఈ సెట్టింగ్‌లన్నీ చెరిగిపోతాయి, ముందే ఫోన్‌తో ఒక్కో స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకోండి. అప్‌డేట్ తర్వాత పాత అంకెలే ఎక్కించినా కోర్‌సైక్లర్ మళ్లీ నడపాల్సిందే. ఎప్పుడైనా అసలు బూట్ కాకపోతే కంగారు పడకండి. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, బోర్డు మీద క్లియర్ సీమాస్ (బయాస్ సెట్టింగ్‌లు చెరిపేసే) పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో కొన్ని సెకన్లు కలిపితే డిఫాల్ట్‌కి వచ్చేస్తుంది.

ఈవెంట్ 18లో వచ్చిన ఏపీఐసీ ఐడీ, రైజెన్ మాస్టర్‌లో నక్షత్రం ఉన్న కోర్ల నంబర్లు, కూలర్ పేరు ఇక్కడ రాయండి. ఏ కోర్‌ని ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో చూసి చెబుతాను.