డాక్టర్ సలహా: అల్లర్లు సద్దుమణిగినా నా గుండెదడ తగ్గలేదు... డ్యూటీ ఎలా చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 44. అమలాపురం మున్సిపాలిటీలో పనిచేస్తున్నాను. 2022 మే 24న మా ఊళ్లో అల్లర్లు జరిగినప్పుడు డ్యూటీలో ఉన్నాను. మర్నాడు రోడ్డు మీద బూడిద, గాజు పెంకులు ఎత్తించే పనీ నాదే. అప్పటి నుంచి నినాదాలు వినపడితే చాలు, గుండె దడదడలాడి చెమటలు పడతాయి. ఆఫీసుకు గడియారస్తంభం తప్పించి సందుల్లోంచి వెళ్తున్నాను. బండిని ఎప్పుడూ రోడ్డు వైపు తిప్పి పెట్టుకుంటాను. నిద్ర కోసం మెడికల్ షాపులో చెప్పిన అల్ప్రజోలమ్ మాత్ర ఏడాదిగా రోజూ వేసుకుంటున్నాను. ఈసీజీ బాగానే ఉందన్నారు, బీపీ 150/96 వచ్చింది. ఈసారి వినాయక నిమజ్జనం డ్యూటీ వేశారు. పిరికివాణ్ణి అయిపోయానా అని బాధగా ఉంది.
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మీరు పిరికివారు కాదండీ. కోనసీమ జిల్లా పేరుకు అంబేడ్కర్ పేరు చేరుస్తూ ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన వారం లోపే, దాన్ని వ్యతిరేకించినవాళ్లు మంత్రి, ఎమ్మెల్యే ఇళ్లకు నిప్పు పెట్టారు. బస్సులు తగలబడ్డాయి, పోలీసులు రాళ్ల దెబ్బలు తిన్నారు. అంతటి ప్రమాదాన్ని దగ్గరగా చూసిన మెదడు దాన్ని గట్టిగా గుర్తుపెట్టుకుంటుంది. చాలామందిలో ఈ భయం కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. నెల దాటినా తగ్గకుండా నిద్రనీ, పనినీ పాడుచేస్తుంటే దాన్ని పీటీఎస్‌డీగా, అంటే పెద్ద ప్రమాదం చూశాక మనసులో ఉండిపోయే భయం జబ్బుగా అనుమానిస్తాం. మీరు రాసినవన్నీ అటే చూపిస్తున్నాయి. ఖాయం చేయాల్సింది మాత్రం మిమ్మల్ని నేరుగా చూసిన సైకియాట్రిస్టే. ఏళ్లు గడిచాక మొదలుపెట్టినా దీనికి చికిత్స పనిచేస్తుంది.

స్థానిక ఉద్యోగులకు ఒక ఇబ్బంది ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. బందోబస్తుకు బయటి జిల్లాల నుంచి వచ్చిన బలగాలు తిరిగి వెళ్లిపోయాయి. మీరు అదే ఊళ్లో, అదే కౌంటర్లో ఉండిపోయారు. ఇంటి పన్ను కట్టడానికి వచ్చిన మనిషిని చూస్తే ‘ఆ రోజు ఇతనూ ఉన్నాడా?’ అనిపించడం, పక్క సీటులోని సహోద్యోగి మాటలకు అర్థాలు వెతకడం ఈ జబ్బులో మామూలే. ఎప్పుడూ ఒళ్లంతా చెవులు చేసుకుని ఉంటే మనిషి అలిసిపోతాడు. ఇంట్లో చిన్న విషయానికే కోపం వస్తుంటే అది కూడా డాక్టర్‌తో చెప్పండి.

సందుల్లోంచి వెళ్తే ఆ పూటకు హాయిగా ఉంటుంది కానీ, భయం మాత్రం ముదురుతుంది. గడియారస్తంభం దగ్గర ఇప్పుడు ఏ ప్రమాదమూ లేదని మెదడుకు తెలిసే అవకాశమే రావడం లేదు. సైకాలజిస్టుల చికిత్సలో ముఖ్యమైన భాగం, తప్పించుకుంటున్న చోటుకు మెల్లమెల్లగా మళ్లీ చేరువ కావడమే. ఉదాహరణకు, జనం పలచగా ఉండే ఆదివారం ఉదయం ఇంట్లోవాళ్లతో కలిసి అక్కడికి వెళ్తారు. దడ మొదలవుతుంది. వెంటనే వచ్చేయకుండా, అది బాగా తగ్గేదాకా అక్కడే నిలబడతారు. కొన్ని రోజులు అలా చేశాక ఒంటరిగా, ఆ తర్వాత రద్దీ వేళ. ఇది సైకాలజిస్టు చెప్పిన క్రమంలో చేస్తే మంచిది. నిజంగా గొడవ జరుగుతున్నప్పుడు మాత్రం అక్కడి నుంచి తప్పుకోవడమే సరైన పని. వాట్సాప్‌లో ఆనాటి వీడియోలు మళ్లీ మళ్లీ చూడటం చికిత్స కిందికి రాదు, వాటిని తీసేయండి.

అల్ప్రజోలమ్ విషయంలో మీ మీద నాకు బెంగగా ఉంది. అది కాసేపు మత్తునిస్తుందే తప్ప ఈ జబ్బును తగ్గించదు, పైగా అలవాటు పడిపోతుంది. అలాగని రేపటి నుంచే మానేయకండి. ఏడాదిగా వాడుతున్న మాత్రను ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ మోతాదును కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఈ మాత్ర వేసుకుంటూ మద్యం తాగితే ఊపిరికే ప్రమాదం. అవసరమైతే సెర్ట్రలిన్ లాంటి మందు రాస్తారు. దాని గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి వారంలోనే పనిచేయడం లేదని మానేయకండి.

బీపీని ఒక్క రీడింగుతో తేల్చలేం. అయిదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చున్నాక, వేర్వేరు రోజుల్లో చూపించుకుని రాసి పెట్టుకోండి. థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ పరీక్షలు కూడా చేయించండి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా దడ వస్తుంది.

నిమజ్జనం డ్యూటీ పూర్తిగా రద్దు చేయించుకోమని నేను చెప్పను. డాక్టర్ సర్టిఫికెట్‌తో పై అధికారిని కలిసి, ఈ ఒక్కసారికి పగటిపూట, తోడుగా ఒకరు ఉండే చోట వేయమని అడగండి. అడగడానికి మొహమాటపడకండి, బీపీ ఉన్నవాళ్లు అడిగినట్టే ఇదీ. అక్కడ దడ వస్తే గాలి పీల్చేదానికన్నా వదిలేది నెమ్మదిగా, ఎక్కువసేపు వదలండి.

మీకు దగ్గర్లో కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఈ వారమే వెళ్లండి, మాత్రల అట్ట వెంట తీసుకెళ్లండి. ఈలోగా రాత్రిపూట తట్టుకోలేనట్టు ఉన్నా, బతకడం దండగ అనిపించినా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబర్, ఉచితం, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు.