చిన్న ఊరికి ఫుట్‌పాత్ ఎందుకు, రోడ్డు వెడల్పు చేస్తే చాలదా?

చాలదు. మా వీధిలో రోడ్డు వెడల్పు చేశాకే నడక కష్టమైంది.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. పక్కనే ఆంధ్రా పాతపట్నం. 1900లో నౌపడా నుంచి చిన్న రైలు వచ్చేనాటికే ఉన్న ఊరు ఇది. పాత వీధులన్నీ మనుషులకీ ఎడ్లబళ్లకీ సరిపోయేలా వేసినవి. ఇక్కడ సగం పనులు ఇప్పటికీ కాలినడకనే అవుతాయి.

పోయిన వానాకాలం అమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అంత దగ్గరకి ఆటోవాళ్లు రారు. మా వైపు మురుగు కాలవ మీద సిమెంటు పలకలు పరిచి అదే ఫుట్‌పాత్ అన్నారు. పలక దాదాపు మోకాలెత్తు. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఎలా ఎక్కుతుంది? చెయ్యి పట్టి ఎక్కించాను. నాలుగు దుకాణాలు దాటామో లేదో ఒకచోట పలకే లేదు. ఆ తర్వాత బట్టల షాపు ర్యాంపు, దాని పక్కన ట్రాన్స్‌ఫార్మరు. మళ్లీ దిగాం. దిగగానే ఒక బైకు అమ్మ చేతిసంచిని రాసుకుంటూ పోయింది. అమ్మ అక్కడే నిలబడిపోయి, "ఇంటికి పోదాం రా, ఈ కళ్లతోనే సర్దుకుంటాను" అంది. పూలమ్మే ఒరియా ఆవిడ తన స్టూలు జరిపి, "కూర్చో మావుసీ" అని నీళ్లిచ్చింది.

ఫుట్‌పాత్‌కి అడ్డమని అందరూ తిట్టేది ఆవిడనే. వీధి వ్యాపారులకి చోటు చూపించాలని 2014లో చట్టమే వచ్చింది. ఆవిడ బుట్ట తీసేస్తే ఆ ట్రాన్స్‌ఫార్మరు కదులుతుందా?

రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. అడ్డంకులేమీ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. 2025 మేలో సుప్రీంకోర్టు కూడా అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం (జీవించే హక్కు) కింద హక్కేనంది. మన ఊళ్లో ట్రాఫిక్ ఎంతని అనేవాళ్లు ఒకటి చూడాలి: 2022లో ఈ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన పాదచారులు 32,825 మంది. చిన్న ఊరి రోడ్డు నున్నగా, వెడల్పుగా అయిందంటే మొదట పెరిగేది బైకుల స్పీడే.

ఇంకో బాధ, చెట్లు. రోడ్డు కోసం కానుగలు కొట్టేశారు. చైత్రం నుంచి వానలు పడేదాకా మిట్టమధ్యాహ్నం ఆ వీధిలో ఎవరు నడుస్తారు? నీడ పోతే దగ్గరి దుకాణానికి కూడా బండి తీస్తారు, దాంతో ఉన్న కాస్త జాగా పార్కింగ్‌కే పోతుంది. చెట్టు మొదట్లో సిమెంటు పొయ్యకుండా మట్టి వదిలితే వాననీరు కొంత ఇంకుతుంది, కాలవ మీద భారం తగ్గుతుంది. ఇది నీడకి పనికొస్తుంది, నీటికీ పనికొస్తుంది, ఖర్చు మాత్రం కొత్త రోడ్డుతో పోలిస్తే చాలా తక్కువ. ఇప్పుడందరూ నున్నటి టైల్స్ వెంటపడుతున్నారు. చినుకు పడితే వాటి మీద పిల్లలే జారుతున్నారు, ముసలివాళ్ల సంగతి చెప్పాలా?

అందుకే మీ ఊళ్లో రోడ్డు వెడల్పు మాట వినగానే, టెండరు పిలవకముందే ప్లాను చూపించమనండి. కాలవ పలక ఎత్తెంత, స్తంభాలు ఎటు జరుపుతారు, ఏ చెట్లు ఉంచుతారు అని అడగండి. పలకలు వేసేశాక ఎవరూ తీసి మళ్లీ వెయ్యరు.