ఫుడ్ పాయిజనింగ్ గురించి, నివారణ గురించి విద్యార్థులకు ఎలా బోధించాలి?

ఎనిమిదో తరగతి పిల్లలకు ఫుడ్ పాయిజనింగ్ గురించి, అది రాకుండా తీసుకోవలసిన జాగ్రత్తల గురించి గుర్తుండిపోయేలా ఎలా చెప్పాలని మీరు అడిగారు. నేను చాలా ఏళ్లుగా జీవశాస్త్రం బోధిస్తున్నాను. మొదటి కొన్నేళ్లు ఈ పాఠాన్ని తప్పుగా చెప్పాను. ఆ తప్పు ఎక్కడుందో ఒక విహారయాత్రలో తెలిసింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ రోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు వండించిన అన్నాన్ని వేడివేడిగా పెద్ద గిన్నెల్లో నింపి, మూతలు బిగించి బస్సులో పెట్టుకున్నాము. మధ్యాహ్నం ఒంటిగంటకు మూత తీస్తే అది ఇంకా గోరువెచ్చగానే ఉంది. "సార్, ఇది తినవచ్చా?" అని ఒక విద్యార్థిని అడిగినప్పుడు నేను వంగి వాసన చూసి, ఒక ముద్ద రుచి కూడా చూసి, బాగానే ఉంది తినమన్నాను. మూడున్నర కల్లా పదకొండు మందికి వాంతులు మొదలయ్యాయి, సాయంత్రానికి నాకూ తప్పలేదు. రాత్రికి అందరూ తేరుకున్నారు గానీ, ఒక విషయం మాత్రం నన్ను చాలా రోజులు వదలలేదు. ఆ పదకొండు మందిలో సగం మంది అంతకు నెల ముందు నేను పెట్టిన పరీక్షలో బ్యాక్టీరియా పేర్లన్నీ తప్పు లేకుండా రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నవారే. పాఠం చెప్పిన నేనే వాసన చూసి తీర్పు చెప్పానంటే, ఆ పాఠంలో ఉండవలసినది లేదన్నమాట.

ఆహారాన్ని పుల్లబెట్టి, జిగురు పట్టించి, దుర్వాసన తెప్పించే సూక్ష్మజీవులు వేరు, మనిషిని జబ్బు చేసేవి చాలావరకు వేరు. రెండో రకం లక్షల సంఖ్యలో పెరిగినా ఆహారం రంగు, రుచి, వాసన మారకపోవచ్చు. పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకునే గట్టి నమ్మకం దీనికి సరిగ్గా వ్యతిరేకం కాబట్టి, నా అభిప్రాయంలో ఈ పాఠం మొత్తం ఆ నమ్మకాన్ని కదిలించడానికే ఉండాలి. ఈ కారణంగానే, చేతులు కడగకుండా తాకిన బ్రెడ్ ముక్కను సంచిలో మూసిపెట్టి బూజు పట్టించే ప్రయోగాన్ని నేను మానేశాను. అది చూడటానికి బాగుంటుంది, పిల్లలకు నచ్చుతుంది కూడా. కానీ ప్రమాదం ఎప్పుడూ కంటికి కనిపిస్తుందనే అపోహనే అది మరింత బలపరుస్తుంది.

దానికి బదులు నేను లెక్కతో మొదలుపెడతాను. అనుకూలమైన వేడిలో కొన్ని బ్యాక్టీరియాలు సుమారు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయని చెప్పి, ఒక్క కణంతో మొదలుపెట్టి బల్లమీద లెక్క కట్టమంటాను. గంటకు 8, నాలుగు గంటలకు 4,096 వచ్చేవరకు ఎవరికీ పెద్దగా ఆశ్చర్యం ఉండదు. ఏడో గంటకు 20,97,152 రాగానే తరగతి నిశ్శబ్దమవుతుంది. నిజమైన ఆహారంలో పెరుగుదల ఇంత క్రమంగా ఉండదని, మొదట కొంత సమయం అవి పరిసరాలకు అలవాటుపడటానికే పోతుందని కూడా చెప్పాలి, లేకపోతే చురుకైన పిల్లలు ఆ ప్రశ్నే వేస్తారు. ఆ తర్వాత 5 డిగ్రీల సెల్సియస్ నుంచి 60 డిగ్రీల వరకు ఒక గీత గీసి, ఈ మధ్యలోనే అవి వేగంగా పెరుగుతాయని, అందుకే వండిన పదార్థాన్ని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదని వివరిస్తాను. మా బస్సులోని అన్నం తొమ్మిది గంటలపాటు ఎక్కడ ఉండి ఉంటుందో ఆ గీత మీద గుర్తు పెట్టమంటే, చెప్పకుండానే వారికి అర్థమవుతుంది.

"మళ్లీ బాగా మరిగిస్తే సరిపోతుంది కదా సార్?" అనే ప్రశ్న ప్రతి ఏడూ వస్తుంది. దీనికి సమయం ఇవ్వండి, ఎందుకంటే పెద్దవాళ్లలో కూడా చాలామంది అలాగే అనుకుంటారు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా గట్టి పొరతో ఉండే స్పోర్ల రూపంలో అన్నం ఉడికినా బతికి ఉండి, అన్నం నెమ్మదిగా చల్లారుతున్నప్పుడు మేలుకొని పెరుగుతుంది. దానిలో కొన్ని రకాలు ఆహారంలోనే విషపదార్థాన్ని విడుదల చేస్తాయి. స్టాఫిలోకాకస్ ఆరియస్ కూడా అలాంటిదే, అది వండేవారి చర్మం నుంచి, ముక్కు నుంచి, చేతి మీది పుండు నుంచి ఆహారంలోకి చేరుతుంది. మరిగిస్తే ఆ బ్యాక్టీరియాలు చనిపోవచ్చు గానీ, అప్పటికే తయారైన విషపదార్థం వేడికి తట్టుకొని నిలిచి ఉంటుంది. అలాంటి ఆహారం తిన్నప్పుడే అరగంట నుంచి కొన్ని గంటల లోపు వాంతులు మొదలవుతాయి.

చల్లారే వేగాన్ని చూపించడానికి ఒక సులువైన ప్రయోగం ఉంది. ఒకే వేడి ఉన్న నీటిలో సగాన్ని ఒక లోతైన పాత్రలో పోసి మూత పెట్టండి, మిగతా సగాన్ని నాలుగు వెడల్పాటి పళ్లేలలో పల్చగా పోయండి. వేడి నీటిని మీరే పోయాలి, పిల్లలకు ఇవ్వవద్దు. పది నిమిషాలకోసారి థర్మామీటరు పెట్టి చూసి గ్రాఫు గీయించండి. మిగిలిన ఆహారాన్ని చిన్న చిన్న పాత్రల్లోకి సర్ది ఫ్రిజ్‌లో పెట్టమని ఎందుకు చెబుతారో ఆ రెండు గీతలే చెబుతాయి.

ఒకదాని నుంచి మరొకదానికి అంటుకోవడాన్ని చూపించడానికి రంగు సుద్దపొడి చాలు. తరగతి మొదట్లో ఒకరి చేతికి పొడి రాసి, మామూలుగా పాఠం సాగించి, అరగంట తర్వాత ఆ రంగు ఏయే పుస్తకాల మీద, ఎవరెవరి చేతుల మీద, తలుపు గడియ మీద ఉందో వెతికించండి. పచ్చి మాంసం కోసిన కత్తితో, అదే పీట మీద పచ్చిగా తినే కూరగాయలు కోస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. సబ్బుతో కనీసం ఇరవై సెకన్లు చేతులు రుద్దుకోవాలన్న నియమాన్ని కూడా అక్కడే ఆచరింపజేయవచ్చు. పచ్చి కోడిమాంసాన్ని కుళాయి కింద కడగడం వల్ల తుంపరలతో బ్యాక్టీరియా చుట్టుపక్కల పాత్రల మీదికి చేరుతుందని, వాటిని చంపేది కడగడం కాదు, లోపలి భాగం కనీసం 70 డిగ్రీలకు చేరేలా ఉడికించడమేనని నేను చెప్పినప్పుడు, మరునాడు ఒక అబ్బాయి వచ్చి, "ఈ మాట ఇంట్లో చెప్పాను సార్, అయితే ఇకనుంచి వంట నువ్వే చెయ్యి అన్నారు" అని వాపోయాడు. ఇంటి పద్ధతులను తప్పుబడుతున్నట్లు కాకుండా, కారణం వివరిస్తున్నట్లు చెప్పడం అప్పటినుంచి నేర్చుకున్నాను.

పిల్లలకు అన్నింటికంటే నచ్చేది పరిశోధన ఆట. ఎవరైనా జబ్బుపడితే చివరిగా తిన్నదాని మీదనే నింద వేయడం అందరి అలవాటు. కానీ సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకితే లక్షణాలు ఆరు గంటల నుంచి ఆరు రోజుల మధ్య ఎప్పుడైనా కనిపించవచ్చు, క్యాంపైలోబ్యాక్టర్ అనే మరో బ్యాక్టీరియాకు సాధారణంగా రెండు నుంచి ఐదు రోజులు పడుతుంది. అందువల్ల మూడు రోజుల కిందటి భోజనాన్ని కూడా గుర్తుచేసుకోవలసి వస్తుంది. నేను ఒక కల్పిత విందును ఇస్తాను. ఇరవై మంది భోంచేశారు, గుడ్ల సలాడ్ తిన్న పన్నెండు మందిలో పదిమంది జబ్బుపడ్డారు, తినని ఎనిమిది మందిలో ఒక్కరే జబ్బుపడ్డారు. 83 శాతం ఒకవైపు, 12.5 శాతం మరోవైపు వచ్చాక, అనుమానించవలసినది ఏదో వాళ్లే చెబుతారు. తినకుండానే జబ్బుపడిన ఆ ఒక్కరి గురించి వాళ్లు చేసే ఊహాగానాలు (గరిటె కలిసిందా, వేరే రోగమా, అసలు అబద్ధం చెప్పారా) వినడం నాకు ఇప్పటికీ సరదాగానే ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో రూపొందించిన ఐదు సూత్రాల గోడపత్రికను, అంటే శుభ్రత, పచ్చివాటిని వండినవాటిని వేరుగా ఉంచడం, బాగా ఉడికించడం, సరైన వేడిలో లేదా చల్లదనంలో నిల్వచేయడం, సురక్షితమైన నీరు, ముడిపదార్థాలు వాడటం అనేవాటిని చివర్లో అతికించండి. ముందే అతికిస్తే అది బట్టీపట్టే జాబితా అయిపోతుంది. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఒక ఏడాది నేను భయపెట్టేలా చెప్పినందువల్ల ఇద్దరు పిల్లలు వారం రోజులు సరిగా తినలేదని తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. అందుకే ఇప్పుడు ఎక్కువమంది ఒకటి రెండు రోజుల్లో కోలుకుంటారన్న మాటను, జబ్బు చేస్తే ఏమి చేయాలన్నదాన్ని కూడా పాఠంలో చేరుస్తున్నాను. ఓఆర్ఎస్ ద్రావణాన్ని కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండాలి. విరేచనాల్లో రక్తం కనిపించినా, తీవ్రమైన జ్వరం ఉన్నా, తాగిన నీరు కూడా నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గినా, మూడు రోజులైనా విరేచనాలు ఆగకపోయినా వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి.

మీకు ఒకే పీరియడ్ ఉంటే బ్యాక్టీరియా పేర్లను వదిలేసి, రెట్టింపు లెక్క, సుద్దపొడి ఆట మాత్రమే చేయించండి. రెండు పీరియడ్లు దొరికితే నీళ్లు చల్లారే ప్రయోగాన్ని మొదటిదాని ఆరంభంలోనే పెట్టి, అది సాగుతుండగా మిగతాది చెప్పవచ్చు. పరిశోధన ఆటను రెండోదానికి ఉంచండి, దానికి నలభై నిమిషాలు కూడా చాలవు.