మా కాలనీలో బేస్‌మెంట్ల పోటీ

ప్రశ్న: మీరుండే చిన్న నగరం ఈ మధ్య ఎంత ముందుకెళ్లింది? ఊరు పెరుగుతుంటే దాన్ని తట్టుకోవడానికి ప్లాన్లు ఏమైనా ఉన్నాయా?

మాది ఖమ్మం. ప్లాన్లకేం తక్కువ లేదు. కానీ ఏటా నేను చూసుకునే లెక్క ఒక్కటే: మా కాలనీలో కొత్తగా కట్టే ఇంటికి బేస్‌మెంటు ఎన్ని అడుగులు లేపుతున్నారు అని. 2014లో మొదటి ఇల్లు కట్టినాయన అడుగున్నర లేపారు. 2018లో నేను మూడడుగులు లేపాను. మొన్న వెనక వీధిలో నాలుగున్నర. ఊరి ఎదుగుదల నాకు కనిపించేది అక్కడే.

అంటే మంచేమీ జరగలేదని కాదు. ఊళ్ళోంచి పారే మురుగు కాల్వ, గోళ్లపాడు ఛానల్ పక్కన చిన్నప్పుడు ముక్కు మూసుకుని నడిచినవాణ్ణి. ఇప్పుడు మురుగు పైపుల్లోకి పోయింది, పైన పార్కులొచ్చాయి, ముసలివాళ్ళు బెంచీల మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. ఇది కాదనేవాళ్ళు పాత ఛానల్ వాసన మర్చిపోయినవాళ్ళు. లకారం చెరువు మీద తీగల వంతెన వచ్చింది, 2021లో కొత్త బస్టాండు వచ్చింది, 2023 జనవరిలో కలెక్టరేట్ వైరా రోడ్డులో వి.వెంకటాయపాలెం దగ్గరికి వెళ్ళింది. కలెక్టరేట్ వెనకే వెంచర్లు కూడా వెళ్ళాయి. 2012లో కార్పొరేషన్ అయ్యాం. 2016 ఎన్నికల్లో 50 డివిజన్లు, 2021 నాటికి 60. మా ఊరి పక్కన పారే మున్నేరు వాగు అవతలి ఊళ్ళు 2025లో ఏదులాపురం మున్సిపాలిటీ అయ్యాయి. ఇలాంటి ప్రశ్న ఎవరడిగినా మావాళ్ళు రాత్రి లైట్లలో తీసిన లకారం వంతెన ఫోటో ఒకటి పెట్టి ఊరుకుంటారు. ఆ వంతెన కింద చెరువు ఉంది, ఆ చెరువులోకి నీళ్ళు ఎటునుంచి వస్తాయి, నిండితే ఎటు పోతాయి అని అడిగితే మాత్రం ఒక్కడూ మాట్లాడడు.

ఇక నా కథ. నేను గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. 2009లో ఊరి శివార్లలో 200 గజాల ప్లాటు కొన్నాను. అప్పుడది పంచాయతీ. వెంచర్ వేసినాయన ఎవరో చెప్పను, అసలు ఇప్పుడు ఎక్కడున్నాడో కూడా తెలియదు. ఆయనిచ్చిన రంగుల కాగితం మాత్రం ఇంకా నా బీరువాలో ఉంది. అందులో 30 అడుగుల రోడ్లు, మధ్యలో పార్కు, పార్కులో ఉయ్యాల ఊగుతున్న పాప. ఆ పార్కు చోటులో ఇవాళ రెండు డూప్లెక్సులున్నాయి. పాప కూడా పెద్దదై ఉంటుంది.

మా ప్లాటుకి తూర్పున ఒక రిటైర్డు సారు ఇల్లు. హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. అడుగున్నర బేస్‌మెంటుతో కాలనీలో మొదట కట్టింది ఆయనే. నేను ముగ్గు పోయించేటప్పుడు మా మేస్త్రి ఆ ఇంటివైపు చూసి, "సారు కంటే అడుగున్నర ఎక్కువ లేపుదామన్నా, లేకపోతే నీళ్ళన్నీ మనింట్లోకే" అన్నాడు. సరే అన్నాను. పద్నాలుగు టిప్పర్లు తోలించాం. అడుగున మా ఫ్యాక్టరీ గ్రానైట్ ముక్కలు, పైన మొరం. సారు గేటు దగ్గర నిలబడి నాలుగు రోజులు చూశారు. ఐదో రోజు, "ఇంత ఎత్తెందుకు బాబూ?" అని అడిగారు.

నిజం చెప్పడానికి నోరు రాలేదు. "వాస్తు సార్. తూర్పు పల్లంగా ఉండాలట" అన్నాను.

ఆయన తల ఊపి లోపలికి వెళ్ళిపోయారు. మన దగ్గర వాస్తు అంటే ఇంకెవరూ ఎదురడగరు. డ్రైనేజీ లేని కాలనీలో నీళ్ళు పక్కింటికి తోసేయడానికి అంత మర్యాదైన మాట ఇంకోటి లేదు. పర్మిషన్ దగ్గరా దీని గురించి నన్నెవరూ అడగలేదు. ఇప్పుడైతే ఇంకా సులువు. 75 గజాల లోపయితే పర్మిషనే అక్కర్లేదు, 600 గజాల లోపు ఇంటికి మనమే రాసిచ్చే సెల్ఫ్ సర్టిఫికేషన్ చాలు. లంచాల బాధ తప్పించే మంచి పద్ధతే. కానీ ఇంటి చుట్టూ వదిలే ఖాళీ, అదే సెట్‌బ్యాక్ ఎంత, ఎన్ని అంతస్తులు అనే మాటే తప్ప, నీ వాన నీళ్ళు ఎవరింట్లోకి పోతాయి అని అడిగేవాళ్ళేరీ?

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ముందురోజు నుంచి ఆగకుండా వాన. మున్నేరుకి మా దగ్గర 16 అడుగులకు మొదటి హెచ్చరిక, 24 అడుగులకు రెండోది. ఆ రోజు 36 అడుగులు దాటింది. టీవీల్లో అంతా ప్రకాశ్‌నగర్ వంతెనే. వరదలో చిక్కుకున్న తొమ్మిది మందిని ఒక జేసీబీ డ్రైవర్ ధైర్యం చేసి తీసుకొచ్చిన సంగతి మీరూ చూసే ఉంటారు. మేం మున్నేరుకి చాలా దూరం. అందుకే శనివారం రాత్రి నిశ్చింతగా పడుకున్నాను. మాకు మున్నేరు రానక్కర్లేదని తెల్లారాక తెలిసింది. మా కాలనీ పైన ఒక కుంట ఉంది. అది నిండి అలుగు దుంకింది. ఆ నీళ్ళకి పాత దారి గుర్తుంది.

ఇంకా చీకటి ఉండగానే తలుపు కొట్టిన చప్పుడు. సారు వాళ్ళావిడ, మేమంతా అమ్మ అంటాం, తల మీద బియ్యం బస్తా సగం ఖాళీ చేసి పెట్టుకుని నిలబడి ఉంది. వెనకాల సారు, చేతిలో మందుల కవరు, భుజాన ప్లాస్టిక్ సంచి. మా వాకిట్లో మెట్లు ఆరు, ఒక్కోటి ఆరంగుళాలు. నీళ్ళు ఐదో మెట్టు మీదున్నాయి. ఆరోది పొడిగా ఉంది. అంటే సారు హాల్లో అడుగు లోతు నీళ్ళు. లెక్కలు రాసేవాణ్ణి కదా, తలుపు తీసి వాళ్ళ మొహం చూడకముందే ఈ లెక్క వేసేశాను. ఇప్పటికీ అందుకు సిగ్గుగా ఉంటుంది.

నేనూ మా పెద్దవాడూ దిగి వెళ్ళాం. వంటగదిలో ఖాళీ సిలిండరు తేలుతూ గోడకి కొట్టుకుంటోంది. ఫ్రిజ్ పక్కకి ఒరిగింది. మంచం కింద పెట్టిన ట్రంకు పెట్టె ముందే మునిగింది. అందులో ఆయన సర్వీసు కాగితాలు, ఎల్ఐసీ బాండ్లు, పిల్లల టెన్త్ సర్టిఫికెట్లు, ముప్పై ఏళ్ళ నుంచి దాచుకున్న అట్లాసులు. పెట్టెని ఇద్దరం పట్టుకుని తెచ్చేసరికి నడుము పడిపోయింది. వాన తెరిపిచ్చాక మా డాబా మీద ఒక్కొక్క కాగితం పరిచి, ఎగిరిపోకుండా గ్రానైట్ ముక్కలు పెట్టాం. బేస్‌మెంటులో పోయగా మిగిలిన ముక్కలే.

మూడు రోజులు మా ఇంట్లోనే ఉన్నారు. ఒక్క మాట అనలేదు. రెండో రోజు సాయంత్రం డాబా మీద ఇద్దరమే ఉన్నప్పుడు సారు కిందికి చూస్తూ, "తూర్పు పల్లం బాగానే పనిచేసింది బాబూ" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

తర్వాత ఆయనే చెప్పారు. ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు ఇదే దారిన సైకిల్ మీద బడికి వెళ్ళేవారట. మా కాలనీ అంతా వరి మడులు. కుంట తూము నుంచి ఒక కాల్వ దిగి మడులకి నీళ్ళిచ్చి, మిగిలింది కింద వాగులో కలిసేదట. "మీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలై, నీ పోర్టికో కిందుగా, మా వంటగదిలోంచి" అని వేలితో గీత గీసి చూపించారు. నేను నమ్మలేదు. నెల తిరక్కుండా గ్రామ నక్షా నకలు సంపాదించారు. సోషల్ సారు కదా, మ్యాపు లేకుండా నిద్రపట్టదు. అందులో కాల్వ ఉంది, సన్నగా రెండు గీతలు. దానిమీద మా సర్వే నంబరు. వెంచర్ ఆయన రంగుల కాగితంలో సరిగ్గా ఆ గీతల మీద 30 అడుగుల రోడ్డూ, మా ఇద్దరి ప్లాట్లూ ఉన్నాయి.

అంటే ఈ తప్పులో నా మూడడుగుల వాటా పోను, మిగిలిందంతా కాల్వ పూడ్చినవాడిది. కానీ వాడు కనిపించడు. కనిపించేది నేనే.

అందుకే ప్లాన్ల గురించి ఎవరు మాట్లాడినా నాకు ఆ నక్షానే గుర్తొస్తుంది. స్తంభాద్రి పట్టణాభివృద్ధి సంస్థ, అందరం 'సుడా' అంటాం, 2017లో వచ్చింది. మున్నేరుకి రెండు పక్కలా కాంక్రీటు గోడలకి రూ.690 కోట్లు మంజూరయ్యాయి. కట్టాల్సిందే, 36 అడుగులు చూసినవాడెవడూ వద్దనడు. కానీ మా కుంట నీళ్ళు, వీధుల్లో పడ్డ వాన, ఇవన్నీ చివరికి మున్నేట్లోకే పోవాలి. గోడ వాగుని లోపలికి రానివ్వదు సరే, ఊళ్ళో నీటిని బయటికి పోనివ్వాలి కదా? ఇంజినీర్లకి ఇది తెలియదని అనను. నాకు ఇంజినీరింగ్ రాదు. కానీ ఐదో మెట్టు దాకా నీళ్ళు చూసినవాడికి ఆమాత్రం అనుమానం వస్తుంది. నన్నడిగితే మాస్టర్ ప్లాన్ అనే మాట ఎత్తకముందే పాత నక్షాలన్నీ తెచ్చి, చెరువు, కుంట, కాల్వ, వాగు నీలం రంగులో గీసి, ప్రతి డివిజన్‌లో గోడకి అంటించాలి. దీనికి కోట్లు అక్కర్లేదు. సారు చేసిన ఖర్చు జిరాక్సు, ఆటో కలిపి మూడొందలు దాటలేదు.

జనాభా లెక్క సంగతి సరేసరి. 2011లో మేం 1.84 లక్షల మందిమి. ఆ తర్వాత పక్క ఊళ్ళు కలిశాయి, వెంచర్లు లేచాయి, అద్దె ఇళ్ళు నిండాయి, కొత్త జనగణనకి తేదీ మాత్రం 2027కి పడింది. పదహారేళ్ళ కిందటి చొక్కా కొలతలతో టైలర్ దగ్గరికెళ్ళినట్టుంది మా వ్యవహారం.

ఇంకో సంగతి, ఎల్ఆర్ఎస్. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లని ఫీజు కట్టించుకుని సక్రమం చేసే పథకం. 2020లో వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాను. రాష్ట్రం మొత్తం మీద 25 లక్షల పైనే పడ్డాయి, అంటే నాలాంటి తెలివైనవాళ్ళు ఎంతమందో చూడండి. 2025లో 25 శాతం తగ్గింపు ఇస్తే పరుగున వెళ్ళి మిగతాది కట్టేశాను. లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదల్లేదని, ప్లాటు విలువలో 14 శాతం ఆ ఫీజులో కలిపారు. పార్కు మింగినవాడు వెంచర్ వాడు, పార్కు డబ్బు కట్టింది నేను. కట్టాను కదా అని పార్కు రాదు, అక్కడ డూప్లెక్సులున్నాయని ముందే చెప్పాను. కాగితాల మీద మాత్రం ఇప్పుడు నా ప్లాటు సక్రమం. దాని కింద ఉన్న కాల్వ సంగతి అందులో లేదు.

ఇంత చెప్పి అడిగినదానికి జవాబివ్వకపోతే బాగుండదు. ఏడాదిలో మా కాలనీ సాధించింది: ఒక సీసీ రోడ్డు, రెండు వీధి దీపాలు, కోతుల గుంపు ఒకటి, మేమే తలా రెండు వేలు వేసుకుని తవ్వించుకున్న కచ్చా కాల్వ ఒకటి. ఈ కాల్వ పాత గీతల వెంట వెళ్ళలేకపోయింది. అడ్డం మా ఇళ్ళే కదా. మూడు చోట్ల వంకర తిరిగి వాగు దాకా వెళ్తుంది. మొన్నటి వానకి పనిచేసింది. పెద్ద వానకి ఎలా ఉంటుందో పెద్ద వానే చెప్పాలి.

నిన్న పొద్దున మా పడమటి ప్లాటులో టిప్పర్లు దిగాయి. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ చేసే పిల్లలు కట్టుకుంటున్నారు. మేస్త్రి ఎవరో కాదు, నా ఇల్లు కట్టినవాడే. పలకరిద్దామని వెళ్ళి, "బేస్‌మెంటు ఎంత?" అని అడిగాను.

"ఐదడుగులన్నా."

"అంతెందుకు?"

వాడు నా వంక చూడకుండా దారం సరిచేసుకుంటూ, "వాస్తు అంటన్నా. వాళ్ళకి తూర్పు పల్లంగా ఉండాలంట" అన్నాడు.

సారు మొక్కలకి నీళ్ళు పోస్తూ విన్నారు. పైపు కింద పడేసి లోపలికి వెళ్ళి నక్షా తెచ్చారు. మేస్త్రి చేతులు కడుక్కొచ్చి చూస్తానన్నాడు.