మా విమానం ముక్కు మీద సొరచేప పళ్లు ఎందుకు లేవంటే

రెండో ప్రపంచయుద్ధం నాటి ఫైటర్ విమానాలను చిన్న మ్యూజియాల్లో వాలంటీర్లు ఏళ్ల తరబడి బాగుచేస్తారట, ఇంజనీరింగ్ చదవనివాళ్లు కూడా చేరవచ్చా, అయినా మళ్లీ ఎగరని విమానానికి అంత చాకిరీ దేనికి అని అడిగారు. మొదటిదానికి జవాబు సులువు. నిక్షేపంగా చేరవచ్చు. నేను చదివింది కామర్స్. రెండోదానికే కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే సరిగ్గా దాని మీదే మా మ్యూజియంలో పెద్ద గొడవ జరిగింది.

మా దగ్గరున్నది కర్టిస్ పీ-40 అనే అమెరికా ఫైటర్, అందులో ఎన్ రకం. దీని మొదటి నమూనా 1938 అక్టోబరులో ఎగిరింది. 1944 నవంబరులో తయారీ ఆపేసేనాటికి మొత్తం 13,738 విమానాలు అమెరికాలోని బఫెలో నగరంలో తయారై బయటికొచ్చాయి. ముందు భాగంలో పన్నెండు సిలిండర్ల ఆలిసన్ ఇంజను, దాని కింద గడ్డంలా వేలాడే రేడియేటర్లు. ఆ గడ్డం ఉండబట్టే దీనికి నోరు గీస్తే అంత చక్కగా నప్పుతుంది. పీ-40 అని వెతికి చూడండి, కనిపించే ఫోటోల్లో చాలావాటికి సొరచేప నోరు, తెల్లటి పళ్లు, గుడ్లురిమే కన్ను ఉంటాయి. ఉత్తర ఆఫ్రికాలో పోరాడిన బ్రిటిష్ వాయుసేన 112వ స్క్వాడ్రన్ 1941లో తన పీ-40లకు అలా గీసుకుంది. ఆ విమానాల ఫోటో చూసి, బర్మా చైనాల వైపు పోరాడిన అమెరికన్ వాలంటీర్ దళం ఫ్లయింగ్ టైగర్స్ కూడా గీసుకున్నారు. తర్వాత మరికొన్ని దళాలు ఆ దారే పట్టాయి. అన్నీ కలిపినా పదమూడు వేల పైచిలుకు విమానాల్లో అవి కొద్ది పాటివే. మిగిలినవాటి సంగతి ఎవరికీ పట్టదు.

మా విమానం మాకు ముక్కలుగా వచ్చింది. పీ-40 రెక్క రెండు సగాలుగా ఉంటుంది, అవి సరిగ్గా విమానం నడిమధ్యన బోల్టులతో కలుస్తాయి, ఒళ్లు దాని మీద కూర్చుంటుంది. ఆ బోల్టులు ఎప్పుడో విప్పేసి రెక్కలు వేరుగా, ఒళ్లు వేరుగా పెట్టేశారు. మధ్యలో ఏదో సాంకేతిక పాఠశాలలో పిల్లలకు చూపించడానికి వాడారు, ఆ తర్వాత ఆరుబయట ప్రదర్శనకు పెట్టారు. వచ్చిన ప్రతివాళ్లూ పాతదాని మీదే ఒక పూత వేసుకుంటూ పోయారు.

గొడవ ఎక్కడ మొదలైందంటే, మా కమిటీలో ఒకాయన సొరచేప నోటికి కొలతలతో సహా స్టెన్సిల్ కోయించుకుని వచ్చారు. బడిపిల్లలు వస్తారు, దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతారు, ఆ ఫోటోలు చూసి ఇంకొందరు వస్తారు, ఇదీ ఆయన లెక్క. మనిషి మంచివాడే, మ్యూజియం అద్దె కట్టడానికి ఎన్ని పాట్లు పడతారో నాకు తెలుసు. కానీ ఆ స్టెన్సిల్ చూడగానే మాలో సగంమందికి మనసు చివుక్కుమంది. మా బృందంలో కార్లకు రంగులేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఆయన వాదన పెట్టుకోలేదు. "ముందు కింద ఏముందో చూద్దాం, తర్వాత మీ ఇష్టం" అన్నారు.

తోక వైపు, అమెరికా విమానాలకుండే నక్షత్రం గుర్తు ఉండాల్సిన చోట మొదలుపెట్టాం. ఈ పని చేసే పద్ధతి ఒకటుంది. నీళ్లలో తడిపిన ఉప్పుకాగితం తీసుకుని అరచేయంత మేర గుండ్రంగా, చాలా తేలిగ్గా రుద్దాలి. నడుమ ఎక్కువ, అంచులకు తక్కువ. అప్పుడు పొరలు ఒక్కొక్కటీ ఒక్కో వలయంగా బయటపడతాయి. తడి ఎందుకంటే, అడుగున అల్యూమినియానికి పూసిన పసుపు పచ్చ ప్రైమర్ జింక్ క్రోమేట్, దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. మాస్కు లేకుండా ఈ పనికి కూర్చున్నవాళ్లను నేను నిర్మొహమాటంగా లేపేస్తాను.

పైన ప్రదర్శన రోజుల ఎనామెల్ పూత. దాని కింద బూడిద రంగు. దాని కింద పాఠశాలవాళ్లు వేసిన వెండి రంగు. ఆ వెండి కింద ముదురు ఆలివ్ రంగు కనిపించింది, అది అమెరికా సైన్యం వేసిన అసలు రంగు. అక్కడి నుంచి పెద్దాయన కాగితం మార్చి ఇంకా నున్నటిది తీసుకున్నారు. నీళ్లు చల్లడం, తుడవడం, టార్చిలైటు పక్కనుంచి పెట్టి చూడటం నా పని. నక్షత్రం పక్కనుండే తెల్ల పట్టీ అంచు కనబడింది, దాని చుట్టూ నీలం గీత. ఆ నీలాన్ని ఒక వేలెడు మేర రుద్దేసరికి కింద ఎర్రటి గీత బయటపడింది.

నాకు అప్పటికి దాని అర్థం తెలియదు. పెద్దాయన మాత్రం కాగితం కింద పెట్టేసి కళ్లజోడు తీశారు. ఆ ఎరుపే పెద్ద సాక్ష్యం. అమెరికా విమానాల నక్షత్రం మధ్యలో మొదట్లో ఎర్ర చుక్క ఉండేది. జపాన్ విమానాల మీది ఎర్ర సూర్యుడితో పొరబడి సొంతవాళ్లే కాల్చేస్తున్నారని 1942లో ఆ చుక్క తీసేశారు. 1943 జూన్ చివర్లో నక్షత్రానికి రెండు పక్కలా తెల్ల పట్టీలు చేర్చి మొత్తానికి ఎర్ర అంచు పెట్టమన్నారు. మళ్లీ ఎరుపేనా అని పసిఫిక్ వైపు నుంచి అభ్యంతరాలు వస్తే, కొద్ది నెలల్లోనే, ఆ సెప్టెంబరుకల్లా అంచును నీలానికి మార్చారు. అంటే ఎర్ర అంచు వేసి దాని మీద నీలం పూశారంటే ఆ విమానం 1943 వేసవిలో ఆ రంగు వేయించుకున్నదన్నమాట. ఏ కాగితమూ లేని విమానానికి, ఎవరి జ్ఞాపకాలతోనూ పని లేకుండా, దాని వయసు అది చెప్పుకుంది.

తర్వాత ముక్కు వైపు వెళ్లాం. సొరచేప పళ్లు ఉండి ఉంటే ఎక్కడ ఉండాలో అక్కడే రుద్దాం. తెలుపు లేదు, ఎరుపు లేదు. ఆలివ్ రంగు మీద పసుపుతో వేసిన పెద్ద పెద్ద అంకెలు దొరికాయి. దూరం నుంచి గుర్తుపట్టేలా శిక్షణ స్థావరాల్లో అలా నంబర్లు వేసేవాళ్లు. మా విమానం యుద్ధానికి వెళ్లలేదు. కుర్రాళ్లకు ఫైటర్ నడపడం నేర్పింది.

కమిటీ ఆయన ముఖం వాడిపోయింది. "ట్రైనింగ్ విమానం చూడటానికి ఎవరొస్తారండీ" అన్నారు. ఆ మాటకు మాత్రం నేను ఊరుకోలేకపోయాను. 1941 డిసెంబరు నుంచి 1945 ఆగస్టు దాకా, శత్రువు కంటపడకుండా, అమెరికా గడ్డ మీదే, ఆర్మీ ఎయిర్ ఫోర్సెస్ అనే ఆనాటి అమెరికా వాయుసేన విమాన ప్రమాదాల్లో దాదాపు 15 వేల మంది చనిపోయారు. నేర్చుకుంటూ, నేర్పుతూ, ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళుతూ పోయారు. చాలామంది ఇరవై, ఇరవై రెండేళ్లవాళ్లు. పీ-40 నేల మీద ముక్కెత్తుకుని నిలబడుతుంది, ఎదురుగా ఏముందో కనిపించదు, పాములా అటూ ఇటూ తిప్పుకుంటూ నడపాలి. దిగేటప్పుడు కొంచెం ఏమరితే గిర్రున తిరిగిపోతుంది. అలాంటిదాన్ని తొలిసారి ఒంటరిగా ఎక్కిన కుర్రవాడి భయం యుద్ధరంగంలో భయం కన్నా తక్కువేమీ కాదు. వాళ్లు కూర్చున్న సీటు అది. దానికి వేరేవాళ్ల మొహం తగిలిస్తే వాళ్లను రెండోసారి చెరిపేసినట్టే. ఇవే మాటలు ఆ రోజు అందరి ముందూ అన్నాను.

చివరికి స్టెన్సిల్ పక్కన పెట్టారు. మేము రుద్దిన ఆ రెండు చోట్లనూ అలాగే వదిలేసి, మిగతా ఒంటికి అసలు రంగు వేశాం. ఇప్పుడు వచ్చే పిల్లలు ఎక్కువసేపు నిలబడేది ఆ వలయాల ముందే. ఇది ఏ మ్యూజియంలో చేసినా ఇలాగే అవుతుందని నా నమ్మకం. జనానికి పళ్లే కావాలని అనుకునేవాళ్లు జనాన్ని తక్కువ అంచనా వేస్తున్నారు.

రెక్కల గురించి చెప్పాలంటే మాత్రం ఇప్పటికీ కడుపు మండుతుంది. వాటి మీద మాకు ఒక్క ఆధారం దొరకలేదు. మా చేతికి రాకముందే ఎవరో రంగు కరిగించే రసాయనం పూసి మొత్తం ఊడ్చేశారు, ఆపైన అద్దంలా మెరిసేదాకా పాలిష్ పట్టారు. ఆ రేకు మీద తుప్పు పట్టకుండా కాపాడే స్వచ్ఛమైన అల్యూమినియం పొర చాలా పలచగా ఉంటుంది. పాలిష్ యంత్రం మొదట తినేది దాన్నే. మెరుపు కోసం రక్షణను అరగదీస్తున్నామన్న సంగతి ఎంతమందికి తెలుసో!

ఇక "ఎగరదు కదా" అన్న మాటకు వస్తాను. ఎగిరించడం గొప్పే, కాదనను. గ్రీన్‌లాండ్‌లో 1942లో మంచు మీద దిగిపోయిన పీ-38 అనే అమెరికా ఫైటర్ ఒకదాన్ని 1992లో 80 మీటర్ల మంచు కిందినుంచి ముక్కలుగా పైకి తీసి, 2002 అక్టోబరులో మళ్లీ ఎగిరించారు. మన బనారస్ హిందూ విశ్వవిద్యాలయం ఆవరణలో దశాబ్దాల పాటు పడి ఉన్న ఒక హరికేన్ అనే బ్రిటిష్ ఫైటర్ 1940 నాటి బ్రిటన్ యుద్ధంలో పోరాడినదని తేలింది. ఇంగ్లండు నుంచి వచ్చిన ఒకాయన 1982లో దాన్ని చూసి, 2001లో తీసుకెళ్లగలిగారు, 2004 డిసెంబరులో అది గాల్లోకి లేచింది. చదివితే ఒళ్లు పులకరిస్తుంది. కానీ గాల్లోకి లేవాలంటే పాత రేకులు, పాత రివెట్లు చాలావరకు మార్చక తప్పదు, ఎగిరేవాడి ప్రాణం ముఖ్యం కాబట్టి. ఎగరని విమానానికి ఆ అవసరం లేదు. పాతది పాతదిగా నిలుస్తుంది. రష్యాలోని ఒక చెరువులోంచి 1998లో తీసిన బ్రూస్టర్ బఫెలో అనే ఫైటర్, దాని నంబరు బీడబ్ల్యూ-372, ఇప్పుడు ఫిన్లాండులో ఉంది. దానికి కొత్త రంగు వేయలేదు, నీళ్లలోంచి వచ్చిన ఒంటితోనే నిలబెట్టారు. నాకైతే అన్ని మ్యూజియాలకూ అదే దారి కావాలనిపిస్తుంది.

పని నేర్చుకోవడం గురించి అడిగారు కదా. పీ-40 ఒళ్లంతా లోహమే అయినా చుక్కాని లాంటి కదిలే భాగాలకు గుడ్డ కప్పుతారు. ఆ రోజుల్లో గట్టి నూలు గుడ్డ వాడేవాళ్లు. దాన్ని చట్రం మీద బిగించి, పక్కటెముకలాంటి ఒక్కో బద్ద వెంట మైనం పట్టించిన దారంతో కుట్టి, డోప్ అనే ద్రావకం పూస్తే అది ఆరుతూ గుడ్డను డోలులా బిగదీస్తుంది. కుట్టడానికి ఇద్దరు కావాలి. ఈ పక్క నుంచి పొడుగాటి సూది దూర్చితే ఆ పక్కవాళ్లు అందుకుని వెనక్కి పంపాలి, ప్రతి కుట్టుకూ ముడి పడాలి. మాకు దీన్ని చేసి చూపించింది జీవితమంతా బట్టలు కుట్టిన ఒకావిడ. మా ఇంజనీర్లు పుస్తకం ముందు పెట్టుకుని తంటాలు పడుతుంటే, ఆవిడ బొమ్మ ఒకసారి చూసి, దారం ఎంత లాగాలో వేళ్లతోనే పట్టేశారు. గాల్లో తేమ ఎక్కువున్న రోజున డోప్ పూస్తే తెల్లగా పాలిపోతుంది. తొందరపెట్టేవాళ్లను అలాంటి రోజుల్లో గుమ్మం దగ్గరే ఆపేదీ ఆవిడే. నన్నడిగితే ఇలాంటి పనికి పట్టా ఉన్నవాళ్లకంటే చేతిపని తెలిసినవాళ్లే ముందు కావాలి. రివెట్లు కొట్టడం కూడా అంతే. ఒకరు బయటినుంచి రివెట్ కొట్టే గన్ పెడితే ఇంకొకరు లోపల ఇరుకులో దూరి ఇనుప దిమ్మె అదిమిపట్టాలి. ఒకరి మొహం ఒకరికి కనిపించదు, రేకు మీద తట్టి చెప్పుకోవాలి. సన్నగా, ఓపిగ్గా ఉండే మనిషి అక్కడ బంగారం.

ఒక్క హెచ్చరిక. పాత కాక్‌పిట్ డయళ్ల ముళ్లకు, అంకెలకు రేడియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన రంగు పూసేవాళ్లు. ఇప్పుడు చీకట్లో వెలగడం లేదు కాబట్టి ప్రమాదం పోయిందనుకుంటారు. అరిగిపోయింది వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ మాత్రమే. రేడియం సగం తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. ఆ రంగు పొడిగా రాలి వేళ్లకంటుకుంటుంది. ఆన్‌లైన్‌లో కొని ఇంట్లో బల్ల మీద పెట్టుకుని విప్పే వీడియోలు చూస్తుంటే నాకు నిద్ర పట్టదు. అద్దం తీయకండి, పిల్లల గదిలో పెట్టకండి.

చేరాలనుకుంటే మొదటి రోజు మీకు చీపురో, బోల్టులు కడిగి సంచుల్లో వేసి చీటీలు రాసే పనో ఇస్తారు. చిన్నబుచ్చుకోకండి. ఏ బోల్టు ఎక్కడిదో చీటీ లేకపోతే మిగతా పనంతా ఆగిపోతుంది. ఉంగరాలు తీసేసి వెళ్లండి, డ్రిల్ దగ్గర వేలు పోగొట్టుకోవచ్చు. ఒప్పుకునే ముందు మాత్రం వాళ్లను ఒక ప్రశ్న అడగండి: పాత రంగు గీకేముందు ఫోటోలు తీసి, కొలతలు రాసుకుంటున్నారా? తీస్తున్నామంటే ఆ వారమే చేరిపోండి. లేదంటే ఇంకో మ్యూజియం చూసుకోండి, లేదా అక్కడే చేరి ఆ ఫోటోలు తీసే పని మీరే పట్టుకోండి.