నాణేల డీలర్ అవుతానంటున్నావు, సరే, ముందు ఆ రాముడి బిళ్ళ సంగతి తేలుద్దాం

గుత్తి నుంచి బీకాం చివరి ఏడాది చదువుతున్న అబ్బాయి రాశాడు. తాత పోయాక ఆయన రేకు డబ్బాలో నూటికి పైగా పాత నాణేలు దొరికాయట. అప్పటి నుంచి వాటి మీదే ధ్యాస, నాణేల డీలర్ కావాలని ఉంది, నాన్నేమో నంద్యాల పోయి బ్యాంకు కోచింగ్‌లో చేరమంటున్నాడు. డబ్బాలో 1818 నాటి ఈస్టిండియా కంపెనీ రాముడి బిళ్ళ కూడా ఉందట, ఫోన్లో ఒకాయన దానికి 20 లక్షలు ఇస్తానని, ముందు రిజిస్ట్రేషన్‌కు 5,500 కట్టమని అంటున్నాడట. "కట్టమంటారా సార్?"

కట్టొద్దు నాయనా. కంపెనీ అలాంటి నాణెం అసలు ముద్రించలేదు. సీతారాములు, హనుమంతుడి బొమ్మలేసి మీద పాత సంవత్సరం కొట్టిన ఈ బిళ్ళలు తర్వాతి కాలంలో ఎవరో చేసినవి, పూజ గూట్లో పెట్టుకో, అంతకు మించి విలువ లేదు. కొనేవాడెవడూ అమ్మేవాడి దగ్గర ముందుగా డబ్బు అడగడు, ఇది కూరగాయల మార్కెట్‌కైనా వర్తిస్తుంది. పాత నోట్లు, నాణేల కొనుగోళ్లతో మాకు సంబంధం లేదు, వాటి కోసం మేం ఛార్జీలూ కమీషన్లూ అడగం అని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. వైష్ణోదేవి ఐదు రూపాయల బిళ్ళకు లక్షలు అనేది కూడా ఇదే బాపతు. ఇక బియ్యం గింజల్ని లాగే రాగి నాణెం ఉందంటూ ఎవరైనా వస్తే, మన వైపు రైస్ పుల్లింగ్ పేరుతో ఎన్ని కొంపలు మునిగాయో నీకు నేను చెప్పక్కర్లేదు.

నీ ఉత్తరంలో నన్ను ఇబ్బంది పెట్టింది మోసం కాదు, నువ్వు డీలర్ బతుకును ఊహించుకున్న తీరు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రం కోసం వంగి నడిచేవాళ్లలాగా ఒక్క నాణెం దొరికితే చాలనుకుంటున్నావు. డీలర్ అలా బతకడు. ఎవరో ఒక సేకరణకర్త దగ్గర 1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లు కాణీల వరుసలో ఒకటి తక్కువ ఉంటుంది, అది నీ దగ్గర ఉండాలి, నువ్వు 25కి కొన్నది అతనికి 50కి ఇవ్వాలి, అతను వచ్చే నెల ఇంకోదానికి మళ్లీ నీకే ఫోన్ చెయ్యాలి. అలాంటివాళ్లు ఓ యాభై మంది కుదిరితే అప్పుడు నువ్వు డీలర్‌వి.

ఈ నెలలోనే ఒక పని చెయ్. డబ్బాలోంచి మామూలు నాణేలు పది తీసుకుని, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో నాణేల ప్రదర్శన జరిగినప్పుడు పోయి, ముగ్గురు డీలర్లకు అమ్మడానికి చూపించు, ఎంతిస్తామన్నారో రాసుకో. కాసేపాగి అలాంటి నాణేన్నే వాళ్ల బల్ల మీద చూపించి ఎంతకిస్తారని అడుగు. ఆ రెండు ధరల మధ్య తేడాలోనే రేపు నీ బస్సు ఛార్జీలు, అమ్ముడుపోని సరుకు, నీ సంసారం అన్నీ ఇమడాలి. ఈ లెక్క నీ బీకాం పుస్తకాల్లో లేదు.

చట్టం విషయంలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. వాటితో వ్యాపారం చేయాలంటే కేంద్ర పురావస్తు శాఖ లైసెన్సు ఉండాలి, విదేశాలకు పంపడం కుదరదు. అంటే విక్టోరియా రూపాయలే కాదు, 1911 నుంచి 1922 దాకా వచ్చిన ఐదో జార్జి రూపాయలు కూడా ఆ గీత దాటిపోయాయి. (1911 రూపాయి మీద రాజు అంగీలోని ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవైంది, అందుకే దాన్ని పంది రూపాయి అంటారు, ఉంటే దాచుకో.) కాబట్టి నీ మొదటి సరుకు 1938 తర్వాతిదిగా పెట్టుకో. ఆరో జార్జి వెండి రూపాయలు, 1947 నికెల్ రూపాయి మీది పులి, 1957లో వచ్చిన నయా పైసలు, 1964 నెహ్రూ రూపాయి. టంకశాల గుర్తులు కంఠతా రావాలి: సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. 1939 రూపాయి అరుదు, అందుకే నకిలీలూ ఎక్కువే. అసలుది 11.66 గ్రాములు తూగాలి, అయితే తూకం సరిపోయినంత మాత్రాన నమ్మేయకు, భూతద్దంతో అక్షరాల అంచులు చూడు.

పొలంలో కుండ దొరికిందని ఎవరైనా రైతు వస్తే ముట్టుకోవద్దు. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధి ఏదైనా కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి చట్టం ఇంకా అమల్లోనే ఉంది. గుప్తనిధుల తవ్వకాల్లో పట్టుబడ్డవాళ్ల వార్తలు మన జిల్లా పేజీల్లో చూస్తూనే ఉన్నావు కదా.

ఇంకో మాట, డబ్బాలోవి తోమకు. మా అవ్వ ఇచ్చిన రాగి అర్ధణాలను చిన్నప్పుడు చింతపండు పెట్టి తళతళలాడేలా తోమి ఇంటిల్లిపాదికీ చూపించాను, ఆ పాతరంగు పోతే కొనేవాడు చెయ్యి పెట్టడని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

ఇప్పుడు నాన్న మాట. బ్యాంకులో చేరి సాయంత్రాలు నాణేలు అమ్ముకుంటానని రాశావే, అది కుదరదు, బ్యాంకుల సర్వీసు నిబంధనలు పక్క వ్యాపారం ఒప్పుకోవు. సరదాగా సేకరించుకోవచ్చు, డీలర్‌వి కాలేవు. జీవితమంతా సేకరణకర్తగా ఉండిపోతే చాలనుకుంటే నంద్యాల పో, అందులో తప్పేం లేదు. వ్యాపారమే కావాలంటే నేను చెప్పేది నంద్యాల కాదు, ప్రొద్దుటూరు. అక్కడి నగల అంగళ్లలో ఒకదాంట్లో లెక్కలు రాసే పనికి చేరు, రెండేళ్లు. జీతం గొప్పగా ఉండదు. కానీ వెండిని చేత్తో పట్టుకుని తేడా చెప్పడం, కరిగిస్తే లోహానికి వచ్చే ధర ఎక్కడ ఆగుతుంది, సేకరణకర్త ఇచ్చే ధర ఎక్కడ మొదలవుతుంది అన్నది, బేరంలో ఎప్పుడు నోరు మూసుకోవాలన్నది, ఇవన్నీ అక్కడే వస్తాయి. ఆ రెండేళ్లూ జీతంతో బతుకు, నాణేలకు ఇరవై ముప్ఫై వేలకు మించి పెట్టకు, వచ్చిన లాభాన్ని మళ్లీ సరుకులోనే పెట్టు. తిండి కోసం మంచి నాణేన్ని తొందరపడి అమ్ముకున్నవాడు ఆ తర్వాత దాన్ని మళ్లీ కొనలేడు.

ఖాళీ దొరికితే ఉర్దూ లిపి నేర్చుకో. నువ్వుండే గుత్తినే టిప్పు సుల్తాన్ ఫైజ్ హిసార్ అని పిలిచి అక్కడ టంకశాల పెట్టాడు. అతని నాణేల మీద మౌలూదీ (అతను సొంతంగా పెట్టుకున్న శకం) సంవత్సరం అంకెలు కుడి నుంచి ఎడమకు చదవాలి. కొండ కింద పుట్టి అది చదవలేకపోతే ఎట్లా? అమ్మడానికి కాదులే, అవన్నీ లైసెన్సు కిందికి వచ్చేవి, తెలుసుకోవడానికి.

ఇదంతా మీ నాన్నకు చదివి వినిపించు. ఆ 20 లక్షలాయన ఫోన్ మళ్లీ వస్తే అదీ ఆయనకే ఇవ్వు.